ఇనుప తాడు సాక్ష్యం

చీమకుర్తి క్వారీలో క్రేన్ తాడు తెగి, రాతి దిమ్మె కింద బాలు అనే కార్మికుడు చనిపోయాడు. తాడు మోయలేని బరువు ఎత్తాడని క్రేన్ ఆపరేటర్ ఖాదర్ వలిని అరెస్టు చేశారు. అతని భార్య కరీమున్ గుంటూరులో డిటెక్టివ్ శివపార్వతి ఆఫీసుకు వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బాలు మా ఆయనకి తమ్ముడి లాంటోడండి. నేనే చంపానేమో అని జైల్లో అన్నం మానేశాడు. నిజంగా ఆయన తప్పేనా, అదొక్కటి తేల్చండి మేడమ్."

"తాడు గురించి ఎప్పుడైనా ఏమన్నా అన్నాడా?"

"తీగలు లేచి చేతులకి గుచ్చుకుంటన్నాయనేవాడండి." ఆమె సంచిలోంచి భర్త చేతి తొడుగులు తీసింది. అరచేతుల దగ్గర తోలు చీరుకుపోయి ఉంది.

అసిస్టెంట్ లక్ష్మీకాంత్‌కు రిపోర్టులంటే మహా గురి. "కానీ మేడమ్, తెగిన తాడులోంచి ముక్క కోసి ల్యాబ్‌కి పంపారు. ఉండాల్సినదానికంటే గట్టిగానే ఉందని తేలింది. మిగతా తాడు తుక్కుకి వేశారట."

"అంత తొందరేం వచ్చింది?" అంది శివపార్వతి.

క్వారీలో యజమాని చెంచయ్య దిగాలుగా కూర్చున్నాడు. ఆయన్ని ఏది అడిగినా సూపర్‌వైజర్ జయపాలే అందుకుంటున్నాడు.

"ఏడాది కిందట సార్ కొత్త తాడు కొంటే నేనే బిగించానండి. అప్పట్నుంచీ రోజూ దిమ్మెలెత్తింది అదే. ముక్క కోసిచ్చింది కూడా నేనే."

"ఆ ముక్కలో సగం ల్యాబ్‌లో మిగిలే ఉంది. అందరి ముందూ లాగిస్తాను, రండి."

"ఎన్నిసార్లు లాగినా గట్టిదేనండి," అని జయపాల్ నవ్వాడు.

మర్నాడు ల్యాబ్‌లో ఎస్సైతో సహా అందరూ ఇనుప జాలీ వెనక నిలబడ్డారు. తాడు కొసలు జారకుండా కరిగించిన జింకు పోసి, యంత్రం దవడల మధ్య బిగించారు. తాడు మీద రెండు గీతలు గీసి, మధ్య దూరం కొలిచారు.

"తెంపొద్దు. కొంచెం లాగి వదిలేయండి," అంది శివపార్వతి.

తాడు కిర్రుమంది. కరీమున్ జాలీని గట్టిగా పట్టుకుంది. బరువు తీసేశాక కొలిస్తే గీతల మధ్య దూరం పెరిగింది. మళ్లీ అంతే బరువుతో లాగి వదిలారు. ఈసారి సాగిన తాడు సాగినంతా వెనక్కి వచ్చేసింది.

"కొత్తగా అల్లిన నులక మంచం నాలుగు రోజులకే వదులవుతుంది, మళ్లీ బిగించుకుంటాం. ఆ తర్వాత అంత వదులు కాదు. ఇనుప తాడూ అంతే. మొదటి బరువుకి పేటలు సర్దుకుని సాగుతుంది. ఏడాది దిమ్మెలెత్తిన తాడైతే ఆ సాగుడు ఎప్పుడో అయిపోవాలి. ఈ ముక్క మీద ఇవాళే మొదటిసారి బరువు పడింది," అంది శివపార్వతి.

ఆమె ఖాదర్ వలి చేతి తొడుగులు బల్ల మీద పెట్టింది.

"జయపాల్ గారూ, కొత్త తాడైతే వీటినిలా చీల్చదు. మీరు కొత్తది అమ్ముకోవడానికి దాచి, పాతదాంతోనే నడిపించారు. అది తెగాక తుక్కులో కలిపేసి, దాచినదాంట్లోంచి ముక్క కోసి, పాత గ్రీజు పూసి పంపారు."

"ఏరా జయపాల్?" చెంచయ్య అతని వైపు తిరిగాడు.

జయపాల్ నేల చూపులు చూశాడు. "రోజూ ఎత్తే బరువే గదా సార్. తెగుద్దనుకోలేదు."

లక్ష్మీకాంత్ చేతిలోని రిపోర్టును మడిచి జేబులో పెట్టుకున్నాడు. జయపాల్ భుజం మీద ఎస్సై చెయ్యి వేశాడు.

కరీమున్ ఎస్సైకి అడ్డం వచ్చింది. "రోజూ ఎత్తే బరువే అన్నాడు, విన్నారుగా సార్. ముందు ఆ మాట మా ఆయన చెవిన వెయ్యనివ్వండి. ఇవాళన్నా అన్నం తింటాడు."

అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అక్కడ ఆగలేదు.