అతిథికి చేప తల

"చంపేశావు కదే! నమ్మి అప్పజెప్పిన ప్రాణాన్ని చంపేశావు కదే!"

ఎపెలి అరుపులకు నౌసోరిలో ఆ వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. భార్య లుసియాన నేల మీద కూలబడి ఉంది. ఆమె ఒళ్ళో మోమో చల్లబడిపోయి ఉంది... గొంతులో దిగిన చేపముల్లుతో!

మోమో, బ్యాంకు మేనేజరమ్మ కలేసి పెంచుకున్న తెల్ల కుక్కపిల్ల. పక్కనున్న సువా పట్నంలో ఇప్పుడు కుక్కలకూ షాంపూలు, బిస్కెట్లు, పుట్టినరోజులు! మిగిలిన కర్రపెండలం విసిరితే తిని పడుండే జాతికి ఇంత వైభోగమా అని నవ్వుకుంటూనే, ఊరెళ్ళేవాళ్ళ కుక్కలను ఇంట్లో ఉంచుకుని సాకడం మొదలుపెట్టింది లుసియాన. ఎపెలికి పని పోయాక ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది వాటి వల్లే.

"ముల్లున్న చేప ఎలా పెట్టావే?"

"పొరపాటైపోయిందండీ... నాదే తప్పు."

అబద్ధం! మోమో గిన్నెలో కొబ్బరిపాలలో ఉడికిన చేప తల మిగులు ఆమె కళ్ళారా చూసింది. ఆ ఇంట్లో చుట్టాలకు చేప తల వడ్డించేది అత్తగారు వారనీసి ఒక్కతే. ఆ ముసలితల్లికి ఇంటికొచ్చింది కుక్కయినా చుట్టమే! ఆమె మనసు విరగ్గొట్టడం లుసియాన వల్ల కాలేదు.

సాయంత్రం కలేసి గుండెలు బాదుకుంటూ వచ్చింది. "నాకు పిల్లల్లేరని తెలుసు కదా నీకు! అదే నా బిడ్డ! ఇక నీ గడప ఒక్కరు తొక్కితే చూడు!"

అప్పుడు లోపలి నుంచి వారనీసి వచ్చి కలేసి ముందు చాప మీద తల వంచుకు కూర్చుంది. చేతుల్లో తిమింగలం పన్ను... తన శవం ముందు పెట్టాలని పెట్టెలో దాచుకున్నది!

"తల్లీ, కోడలు చెప్పేది అబద్ధం. పెట్టింది నేను. గొప్పింటి నుంచి వచ్చింది, తల పెట్టకపోతే ఏం మర్యాద అనుకున్నాను..."

ఎపెలి తల ఎత్తలేకపోయాడు. కలేసి చాలాసేపు ఏడ్చి, ఆ పన్ను అందుకుంది. అది అందుకుంటే క్షమించినట్టే, ఆ తప్పు మళ్ళీ ఎత్తకూడదు; అక్కడి ఆచారం అది. ఎత్తలేదు కూడా. కానీ కబురు ఆగుతుందా? మిగతా కుక్కలను ఎవరివి వాళ్ళు తీసుకుపోయారు.

ఖాళీ అయిన వాకిలి చూస్తూ లుసియాన భోరుమంది. "మీరు దాచుకున్న పన్ను కూడా పోయె అత్తయ్యా! రేపు మీ..."

"పోతే పోయిందిలేవే. నా శవం దగ్గర నువ్వు కూర్చో, చాలు."

ఆ పూట కుండలో ఒక్కటే చేప. వారనీసి దాని తల తీసి కోడలి కంచంలో పెట్టింది. లుసియాన ముళ్ళు ఏరుకుంటూ, ఏడుస్తూ తిన్నది.