పాత్ర అన్న మాట

ఆ కాలంలో కాకినాడలో ఇద్దరు కలుసుకుంటే పిల్లల చదువుల సంగతి తర్వాత, ముందు "మీ పాత్ర ఎలా ఉందండీ?" అని అడిగేవారు. 2071 నాటికి సాయంకాలమైతే చాలు, జనం ఆన్‌లైన్‌లో కట్టుకున్న ఊళ్లలోకి వెళ్లి, తలా ఒక పాత్ర వేసుకుని, మాటకు మాట రాసుకుంటూ ఉమ్మడిగా కథ నడిపేవారు. ఒక్కో పాత్రను ఏళ్ల తరబడి సాకేవారు. సాకిన పాత్ర ఎదురుతిరిగిందన్న ఫిర్యాదు ఇంటింటా వినిపించేది. "మా జమీందారు సన్యాసం పుచ్చుకుంటానంటున్నాడండీ, ఎంత చెప్పినా వినడే!" అని ఆటో నడిపేవాడు వాపోతే, వెనక కూర్చున్నాయన "మా దొంగ నిన్న దోచిందంతా తిరిగిచ్చేశాడు, నేనెవరితో చెప్పుకోను?" అని ఓదార్చేవాడు.

ఇందులో కొంత ముచ్చట, కొంత సౌకర్యం. కడుపులో ఉన్న అక్కసంతా కక్కేసి, "నేనన్లేదండీ, నా పాత్ర అంది" అంటే సరిపోయేది. అత్త మీద కోపం దుత్త మీద చూపే జాతికి ఇంతకన్నా మంచి దుత్త ఎక్కడ దొరుకుతుంది?

అలాగని అంతా వట్టి సాకే అనడానికీ లేదు. ప్రతి ఊరి వెనకా ఒక పలుకుయంత్రం ఉండేది. పాత్ర స్వభావాన్ని అది బాగా వంటబట్టించుకుని, రాసేవాడు తడుముకుంటే తర్వాతి మాట అందించేది. అప్పుడు ఆ మాట మనిషిదా, పాత్రదా? ఇది తేల్చడానికే డాక్టర్ వర్ణిక కర్తృదర్శినిని తయారుచేసింది.

చూడడానికి అది నుదుటికి కట్టుకునే పట్టీ, దాని మధ్య చిన్న దీపం. మనిషి తన కోరికలోంచో, జ్ఞాపకంలోంచో మాట తీసినప్పుడు, అది వేలికో నాలుకకో అందకముందే మెదడులో ఒక అల లేస్తుంది. వర్ణిక దానికి సంకల్ప తరంగం అని పేరు పెట్టింది. ఎవరో అందించిన మాటను ఊరికే ఒప్పేసుకున్నప్పుడు ఆ అల అంతగా లేవదు. అల ఒక హద్దు దాటితే దీపం నీలంగా వెలుగుతుంది, మాట మనిషిది. దాటకపోతే పసుపు, మాట పాత్రది. ఆ హద్దును లాబ్‌లో గడప అనేవారు.

ఆ రోజు వర్ణిక కంగారుకు కారణం మాత్రం సైన్సు కాదు. ధృతి వస్తోంది.

ధృతి మునిసిపల్ కొలనులో పిల్లలకు ఈత నేర్పే టీచరు. చిన్ననాటి నుంచి ఇద్దరిదీ ఒకే కంచం, ఒకే మంచం. ఇద్దరూ కలిసి రేవుపురం అనే ఊరిని అక్షరం అక్షరం కట్టారు. అందులో వర్ణిక పాత్ర కోటమ్మ, రేవులో సుంకం వసూలుచేసే గయ్యాళి. ధృతి పాత్ర పడవ నడిపే మల్లయ్య. గత నెల ఊరి జనమంతా కలిసి మల్లయ్యను ఊరి పెద్దగా ఎన్నుకున్నారు. అందరూ దండలు వేస్తున్న వేళ కోటమ్మ ముందుకొచ్చి ఇలా అంది: "చెల్లెలి చెయ్యి నీళ్లలో వదిలేసి ఒడ్డెక్కినోడివి, నువ్వా మాకు దారి చూపేది?"

మల్లయ్యకు చెల్లెలు లేదు. ధృతికి ఉండేది. ఉప్పాడ దగ్గర పడవ తిరగబడినప్పుడు ధృతి చేతిలోంచి ఆ పిల్ల చెయ్యి జారిపోయింది. ఆ సంగతి ధృతి తన జీవితంలో ఒక్కరికే చెప్పుకుంది. ఆ ఒక్కరూ వర్ణిక.

"నేను కాదే, ఒట్టు! కోటమ్మ నా చేయి దాటిపోయింది. యంత్రం అందించిందేమో!" అని వర్ణిక ఎన్నిసార్లు మెసేజ్ పెట్టినా ధృతి జవాబివ్వలేదు. చివరికి వర్ణికే, "ఆ రోజు పట్టీ కట్టుకునే రాశాను. అలలన్నీ లాబ్‌లో రికార్డయి ఉన్నాయి. నువ్వొచ్చి కళ్లారా చూడు" అని రాసింది. ధృతి వస్తానంది.

వస్తానన్నాక వర్ణిక తలుపు వేసుకుని రికార్డును ముందుగా తానే నడిపి చూసింది. దీపం నీలంగా వెలిగింది. ఏ పరీక్షలోనూ అంత చిక్కటి నీలం ఆమె చూడలేదు. దండలు వేస్తున్న ఆ వేళ తన లోపల రగిలినదేమిటో అప్పుడు గుర్తొచ్చింది. ఊరు కట్టింది ఇద్దరైతే పెద్దరికం ఒక్కదానికేనా?

"సహాయీ, గడప పెంచు" అంది లాబ్ యంత్రంతో.

"ఎంతవరకు డాక్టర్?"

"ఈ మాట పసుపు అయ్యేవరకు."

"అంత ఎత్తు గడప దాటే మాటలు ఉండవు డాక్టర్. కారణం నమోదు చేయనా?"

"వద్దు. పెంచు, అంతే."

యంత్రానికి ఎదురుతిరగడం రాదు. పెంచింది.

ధృతి వచ్చేసరికి జుట్టింకా తడిగానే ఉంది, ఒంటి నుంచి కొలను నీళ్ల వాసన. కుర్చీ అంచున కూర్చుంది. నెల రోజుల్లో సగమైపోయింది మనిషి. వర్ణికకు ఏడుపొచ్చింది, కానీ చేయి మాత్రం మీట మీదకే వెళ్లింది. కోటమ్మ అన్న మాట తెర మీద మెల్లగా పరుచుకుంది. పట్టీ మీద దీపం పసుపుగా వెలిగింది.

"చూశావా! నేను చెప్తే నమ్మలేదు" అంది వర్ణిక. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

ధృతి ఆ పసుపు వైపు చూసింది. తర్వాత రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఎన్ని రాత్రులు నిద్ర లేదో తెలుసా? చెల్లి పోయినదానికన్నా, ఆ మాట నీ నోట విన్నందుకే ఎక్కువ ఏడ్చానే వర్ణీ."

"ఊరుకోవే. అయిపోయింది కదా."

"అయిపోయింది." ధృతి కళ్లు తుడుచుకుంది. చాలా రోజుల తర్వాత నవ్వింది కూడా. బల్ల మీద ఉన్న పట్టీ తీసి, పిల్లలు కిరీటం పెట్టుకున్నట్టు నుదుటికి కట్టుకుంది. "ఇది నోటిమాటకీ పనిచేస్తుందన్నావుగా? అయితే నువ్వూ కళ్లారా చూడు."

"ఇప్పుడెందుకే? తీసెయ్యి..."

"ఉండవే." ధృతి నిటారుగా కూర్చుంది. "వర్ణీ, నీ మీద నా మనసులో ఇంక ఏ కోపమూ లేదు."

దీపం పసుపుగా వెలిగింది.

పెంచిన గడప ఇంకా దించనే లేదు; దొంగకు తేలు కుట్టినట్టయింది వర్ణిక పని. అరవడానికి లేదు, ఊరుకోవడానికి లేదు. ధృతి ఎదురుగా ఉన్న అద్దం తలుపులో తన నుదుటి మీది వెలుగును చూసుకుంది. మరోసారి అంది, ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా కూడబలుక్కుని. మళ్లీ పసుపే. ఆమె తన మనసును తనే అనుమానిస్తుందని, "నాలో ఇంకా కోపం ఉందేమోనే" అని బెంగపడుతుందని వర్ణిక భయపడింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, కొంచెం ఆశపడింది కూడా.

కానీ ధృతి రోజూ నీళ్లలో పిల్లల్ని పట్టుకునే మనిషి. తన చేతిలో పట్టు ఉందో లేదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నేను మనస్ఫూర్తిగానే అన్నాను" అంది. "నాకు తెలుసు. మరి దీనికెందుకు తెలీలేదు?"

వర్ణిక పట్టీ కోసం చెయ్యి చాపింది. "యంత్రం కదే... ఒక్కోసారి పొరబడుతుంది. అదే..."

"మొన్న కోటమ్మ. ఇవాళ యంత్రం." ధృతి పట్టీ విప్పి స్నేహితురాలి నుదుటికి కట్టింది. "నువ్వెప్పుడు మాట్లాడతావే?"

వర్ణిక యంత్రం వైపు తిరిగింది.

"సహాయీ, గడప ఎప్పట్లా దించు" అంది చివరికి. తర్వాత తల వంచుకుంది. "నేనే అన్నానే. కోటమ్మ కాదు. అందరూ నీకు దండలు వేస్తుంటే ఓర్వలేక, నీకు ఎక్కడ నొప్పెడుతుందో తెలిసే అక్కడ పొడిచాను. ఇవాళ దీపాన్ని కూడా నేనే మార్చాను."

దీపం నీలంగా వెలిగింది. ఆ వెలుగు ధృతి తడి జుట్టు మీద, చెంపల మీద పడింది. ఆమె దాని వైపు చూసి, సంచీ భుజానికి తగిలించుకుని లేచింది.

"ఇందాక కోపం లేదన్నావే, ఆ మాట..." అంటూ వర్ణిక ఆమె చెయ్యి పట్టుకోబోయింది.

"అడక్కే" అంది ధృతి. "ఇప్పుడు గడప సరిగ్గా ఉంది. ఇప్పుడంటే పసుపే వస్తుంది."