వార్నిష్ మీద అచ్చు

మా ఊళ్లో కుర్చీల ఫ్యాక్టరీలన్నీ మూతపడ్డా, రైలుపట్టాల పక్కన మూడంతస్తుల చెక్క కుర్చీ మాత్రం అలాగే నిలబడి ఉంది. నార్త్ కరోలినా చూడొచ్చినవాళ్లు కారాపి దాని ముందు ఫొటోలు దిగుతారు. దానికి ఏటా వార్నిష్ వేసే పని మా తమ్ముడు క్లీటస్‌ది. పోయినేడు దాని మీంచే జారిపడి చచ్చిపోయాడు. వాడికి సూటు లేదు. చిరిగిన కార్డురాయ్ ప్యాంటుకే, ఆ నిలువు గీతల బట్టదానికే, వెనక మాసిక వేసి శవపేటికలో పడుకోబెట్టాను. నా కుట్లు కోడి గీరినట్టు ఉంటాయని వాడే ఏడిపించేవాడు.

ఈ ఏడు ఆ పని మా ఆయన డ్యూయీ ఒప్పుకున్నాడు. వద్దంటే వినే రకం కాదు.

సాయంత్రం వెలుతురు తగ్గుతోంది. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. గాలి లేదు. పచ్చి వార్నిష్ వాసన గొంతులోకి దిగుతోంది. పైన బ్రష్ చప్పుడు ఆగింది.

“మేవిస్… ఇక్కడెవరో కూర్చున్నారు.”

“పొద్దున వేసిన పూత మీదా? పిల్లలెవరైనా ఎక్కారేమో.”

“నిచ్చెన మన దగ్గరేగా ఉంది.”

ఆరని వార్నిష్ మీద కూర్చుంటే బట్ట నేతంతా అచ్చు పడుతుంది. అచ్చు పడ్డ కుర్చీని మా ఊరివాళ్లు అలా వదిలేసి రాలేరు. చేతులు ఊరుకోవు.

“కార్డురాయ్ గీతలు… మధ్యలో మాసిక.” గొంతు తగ్గించాడు. “కుట్లు నీవే.”

నిచ్చెనని రెండు చేతులా బిగించి పట్టుకున్నాను.

“దిగు.”

“ఇంకొక్క పూత వేసొస్తా. ఇలా వదిలేస్తే నలుగురూ నవ్వుతారు.”

“నీకు దణ్ణం పెడతా, డ్యూయీ… దిగు.”

బ్రష్ చప్పుడు. తర్వాత చెక్క కిర్రుమంది… ఎవరో పక్కకి జరిగి చోటిచ్చినట్టు.

డ్యూయీ క్షేమంగానే దిగాడు. ముఖం మాత్రం పాలిపోయింది.

“దాని పక్కన ఇంకో అచ్చు పడింది. నా కళ్ల ముందే. జీన్స్‌ది, వెనక జేబుతో సహా నాదే. నేను కూర్చోలేదు మేవిస్, ఒట్టు.”

అతణ్ని వెనక్కి తిప్పి చూశాను. ఎక్కడా వార్నిష్ లేదు. జేబు మూల చిరిగి వేలాడుతోంది. కుట్టమని వారం నుంచీ అడుగుతున్నాడు.

“చిరుగు కూడా పడిందా?”

“లేదు… కుట్టేసి ఉంది. అవే వంకర కుట్లు.”

తమ్ముడికి నేను కుట్టింది పాతిపెట్టడానికే. ఆ సాయంత్రం ఇంటికి రాగానే సూదులూ దారాలూ పొయ్యిలో పడేశాను. ఆ జేబు ఎప్పటికీ చిరిగే ఉండాలి. నేను బతికుండగా దాన్ని ముట్టుకోనని డ్యూయీకి చెప్పాను.

మర్నాడు పొద్దున అదే జీన్స్ తొడుక్కుంటూ అతను వెనక జేబు తడుముకున్నాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“కుట్టనన్నావుగా,” అన్నాడు మెల్లగా. “మరి ఎప్పుడు కుట్టావు?”