సంతకం మారిన ప్యాకేజీ

పొద్దున తొమ్మిదింపావుకు డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న గలాత్స్ ఊరి రైల్వే స్టేషన్ ఎదుట, వేడి వేడి కోవ్రిగ్ రొట్టె కొరుక్కుంటూ నడుస్తున్న ఔరేల్ పిస్లారు ఉన్నట్టుండి మోకాళ్ళ మీద కూలిపోయాడు. గుండెపోటన్నారు జనం. మెడ మీది సూదిపోటు పోలీసులు వచ్చేదాకా ఎవరూ గమనించలేదు.

పది గంటలకు నిఘా విభాగం ఏజెంట్ ఎమిల్ బ్రాతు తన పై అధికారి కల్నల్ హరలాంబ్ కారులో ఉన్నాడు.

"డాన్యూబ్ వరద గేట్లు నడిపే కంప్యూటర్లకి ఏ సాఫ్ట్‌వేర్ వెళ్ళాలన్నా పిస్లారు నడిపే సాఫ్ట్‌వేర్ గిడ్డంగి, ఆ రిపాజిటరీ నుంచే వెళ్ళాలి" అన్నాడు కల్నల్. "ప్రతి ప్యాకేజీ మీదా ఆయన డిజిటల్ సంతకం ఉండాలి. పదకొండింటికి కంట్రోల్ రూమ్‌లో కంటైనర్ ఇంజిన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తున్నారు. సరిగ్గా ఇవాళే ఆయన్ని చంపారు. ఎందుకంటావ్?"

ఎమిల్ ముందుకి వంగాడు. "సంతకం మార్చేశారా సార్?"

"అదే అనుమానం. వాటిని దించే ప్యాకేజీ మేనేజర్ ప్రోగ్రామ్‌కి మనుషులతో పనిలేదు. సంతకం కలిస్తే సరుకు దించేస్తుంది. దిగిన సరుకుకి మెషీన్ మీద సర్వాధికారాలూ వస్తాయి. నది ఇప్పటికే ఒడ్డు ఒరుసుకుని పారుతోంది. గేట్లు తెరుచుకుంటే లోతట్టు పేటల్లో నలభై వేల మంది."

"ఫోన్ చేసి ఆపించేస్తే?"

"ముఠా జారుకుంటుంది. రేపు మరో ఊళ్ళో మరో గేటు. లోపలున్న వాళ్ళ మనిషిని పట్టుకోవాలి. మన మనిషీ ఒకరున్నారు. 'ఈ ఏడు చెర్రీలు పుల్లగా ఉన్నాయి' అను. 'జామ్‌కి అవే మంచివి' అని జవాబొస్తుంది. పిస్లారు పోయిన సంగతి బయటికి పొక్కనివ్వలేదు. నువ్వూ నోరు జారకు."

"ఇంకెవర్నైనా పంపకూడదా సార్?"

"ఉంటే నిన్నెందుకు పిలుస్తానయ్యా?"

ఎమిల్ అగ్నిమాపక తనిఖీదారు వేషంలో లోపలికి వెళ్ళాడు. చొక్కా గుండీలో మైకు. చెమటకి అది తడిసి పాడవుతుందేమోనని మరో భయం.

కంట్రోల్ రూమ్‌లో ఉన్నది ఇద్దరే, ఇద్దరూ ఆడవాళ్ళే. కీబోర్డు ముందు ఇంజనీర్ వియోరికా, యాభై దాటిన మనిషి. ఆమె వెనక పచ్చ పట్టు స్కార్ఫుతో కన్సల్టెంట్ లవీనియా. చూపు తిప్పుకోనివ్వని అందం.

"ఈ ఏడు చెర్రీలు పుల్లగా ఉన్నాయి" అన్నాడు ఎమిల్, గాలితో అన్నట్టు.

"జామ్‌కి అవే మంచివి" నవ్వింది లవీనియా.

అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆమె దగ్గరికొచ్చి గుసగుసలాడింది. "కంగారు పడకు. పిస్లారు తన సంతకాన్ని సరిచూసే కీ మార్చాడు. కొత్తది నేనే ఎక్కించాను. తొమ్మిదిన్నరకి ఫోన్లో కూడా మాట్లాడాను, అంతా సవ్యమేనన్నాడు."

తొమ్మిదిన్నరకి పిస్లారు శవమై పావుగంట. మన మనిషే వాళ్ళ మనిషన్నమాట.

మొహంలో భావం దాచుకోవడం ఎమిల్‌కెప్పుడూ చేతకాలేదు. లవీనియా నవ్వు ఆగిపోయింది. స్కార్ఫు చాటు నుంచి చల్లటి ఇనుము అతని పక్కటెముకల్లో గుచ్చుకుంది.

"కదలకు" అంది పెదాలు కదపకుండా.

వియోరికా ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టింది. చివరి ప్రశ్న తెర మీదికొచ్చింది. కొనసాగించాలా? అవును, కాదు.

అరిస్తే తూటా. అరవకపోతే వరద. వియోరికా అవునుకి గుర్తైన 'వై' నొక్కింది. ఇక ఎంటర్ ఒక్కటే మిగిలింది.

"వియోరికా గారూ." ఆ గొంతు తనదేనని ఎమిల్‌కే నమ్మకం కలగలేదు. "పిస్లారు గారిని పొద్దున తొమ్మిదింపావుకే చంపేశారండీ."

ఆమె వేలు గాల్లో ఆగింది. "ఔరేల్‌నా? ఇప్పుడేగా ఈవిడ మాట్లాడానంది..."

లవీనియా చెయ్యి ఆమె భుజం మీదుగా ఎంటర్ మీదికి దూసుకొచ్చింది. వియోరికా కీబోర్డును వైరుతో సహా పీకి ఒళ్ళోకి లాక్కుంది. లవీనియా వేలు ఉత్త బల్లకి తగిలింది. ఎమిల్ కళ్ళు మూసుకుని, పిస్తోలు పట్టిన ఆమె మణికట్టు మీద పడ్డాడు. తూటా సీలింగులోకి పోయింది. మైకులో అంతా వింటున్న కల్నల్ మనుషులు తలుపు బద్దలు కొట్టుకుని వచ్చారు.

అంతా సద్దుమణిగాక కూడా వియోరికా కీబోర్డు వదల్లేదు.

"ఔరేల్‌తో ఇరవై ఏళ్ళ స్నేహం" అంది. "ప్యాకేజీ పంపినప్పుడల్లా కీ అక్షరాలు ఫోన్లో చదివించేవాడు. చాదస్తమని వెక్కిరించేదాన్ని. ఇవాళ నేనే ఫోన్ చేసి అడగలేదు. ఆవిడ మాట నమ్మేశాను."

ఎమిల్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

దొంగ కీ తుడిచేసి, పాత కీని పిస్లారు ఆఫీసుతో అక్షరం అక్షరం సరిచూసుకుని, మధ్యాహ్నం ఒంటిగంటకి అసలు ప్యాకేజీ దించారు. నిమిషం కూడా పట్టలేదు. గేట్లు మూసుకునే ఉన్నాయి.

చివరికి వియోరికా రిపోర్టు ఫారం తెరిచింది. రెండు గంటల ఆలస్యానికి కారణం రాయాలి. ఎంచుకోవడానికి మూడే ఉన్నాయి: కరెంటు లేదు, ఇంటర్నెట్ లేదు, సిబ్బంది తక్కువ.

కళ్ళు తుడుచుకుని, మూడోదాని మీద నొక్కింది.