దొరలింటి పిల్ల

శనివారం పొద్దున్నే ఉమామహేశ్వరి పెసరట్లు వేస్తోంది. అమెరికాలో, ట్రాయ్ ఊళ్ళోని ఆ ఇంట్లో పెసరట్టు రోజున గొడవలుండవని పేరు. ఆ పేరు కాస్తా ఆ రోజు పోయింది.

"నాన్నా, రెమీ వాళ్ళ గ్రాండ్‌మా వస్తున్నారు. నేనే ఇన్వైట్ చేశాను," అంది భవిత.

ఆంజనేయప్రసాద్ ప్లేటు పక్కకి నెట్టేశాడు.

"ఎవరొచ్చినా నా మాట మారదు. అల్జీరియాలో ఊళ్ళు మింగిన ఫ్రెంచి దొరలు వాళ్ళు. మా తాత ఇంగ్లీషు దొరల చేత లాఠీ దెబ్బలు తిన్నాడు. ఆ రెమీని పెళ్ళి చేసుకుంటే మళ్ళీ ఈ గడప తొక్కకు!"

తాతని ఆయన ఫొటోలోనే చూశాడు. దెబ్బలు మాత్రం తన వీపు మీదే పడ్డట్టు చెబుతాడు.

అంతలో రెమీ వాళ్ళ గ్రాండ్‌మా ఒడెట్ కర్ర ఊతంతో లోపలికొచ్చి కూర్చుంది. ఆయన మర్యాదకైనా ఆగలేదు. "అల్జీరియాలో మీకు భూములుండేవా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"కొండ దాకా ద్రాక్షతోటలు మావే," అందావిడ దాచకుండా.

"విన్నావా?" అన్నాడు కూతురితో.

"ఫుల్‌గా వినండి నాన్నా!"

"మా నాన్న కూలీలని కొట్టడం చూస్తూ పెరిగాను," అంది ఒడెట్. "వాళ్ళు స్వాతంత్ర్యం కోసం తిరగబడితే నేనూ వాళ్ళతో కలిశాను. గాయపడ్డవాళ్ళకి మందులు మోశాను. మా ఫ్రెంచివాళ్ళే నన్ను కొట్టి జైల్లో వేశారు."



"మరి మీ నాన్నగారు?" అడిగింది ఉమామహేశ్వరి మెల్లగా.

"ఇంటికి రావద్దన్నాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఆయన ఫ్రాన్స్‌కి ఓడెక్కుతుంటే రేవుకి పరిగెత్తాను. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. ఆయన పోయేదాకా పిలుస్తాడనే ఎదురుచూశాను."

ఒడెట్ లేచింది. ఆవిడని దింపడానికి భవిత కారు తాళాలు తీసుకుంది. గుమ్మంలో ఆవిడ చేతులు జోడించి, భవిత నేర్పిన తెలుగులో, "నేను పోతాను," అంది.

"అయ్యయ్యో!" అంది ఉమామహేశ్వరి.

ఆంజనేయప్రసాద్ గబగబా వచ్చాడు. ఇంగ్లీషు మరిచిపోయాడు. "అలా అనకూడదండీ! వెళ్ళొస్తాను అనాలి. మన ఇంట్లోంచి వెళ్ళేవాళ్ళు మళ్ళీ వస్తామని..."

మాట ఆగిపోయింది. ఎదురుగా కూతురు. ఇందాక తను అన్న మాట గుర్తొచ్చింది.

"నువ్వూ చెప్పమ్మా," అన్నాడు చివరికి, బతిమాలుతున్నట్టు.

"వెళ్ళొస్తాను నాన్నా," అంది భవిత ఏడుస్తూ.

"రా తల్లీ. రెమీని కూడా తీసుకురా."