పిప్పరమెంటు బిళ్ళ

సోమవారం పొద్దున హార్లన్ ప్రూయిట్ బల్ల ముందు కూర్చుని ప్రార్థన చేస్తున్నాడు. ఎదురుగా గ్రేవీ చల్లారిపోతోంది.

హార్లన్ ప్రార్థన సంగతి హికరీ గ్యాప్‌లో తెలియనివాళ్ళు లేరు. మామూలుగా ట్రాక్టరునీ, వానల్నీ, అల్లుణ్ణీ తిట్టే నోరే అది. కళ్ళు మూసుకోగానే మూడొందల ఏళ్ళ కిందటి భాషలోకి దూకేస్తుంది. "మహోన్నతుడవును మహా ఘనుడవునైన పరలోకపు తండ్రీ, నీ పాద సన్నిధికి మేము దీనులమై చేరియున్నాము..." సంఘ భోజనాల్లో ఆయన ఇలా ఎత్తుకున్నాడంటే పిల్లలు వేయించిన కోడి మీద ఆశ వదులుకునేవాళ్ళు. దేవుడు కొత్తమాట ఒక్కటీ నేర్చుకోలేదని మా టెనసీ కొండల్లో గట్టి నమ్మకం. ఎంత పాతగా మాట్లాడితే అంత భక్తి.

"...ఆమెన్," అన్నాడు హార్లన్.

పొయ్యి దగ్గర నిలబడ్డ ఒలీటా ఆమెన్ అనలేదు.

ఫోను మోగింది. హార్లనే ఎత్తాడు. "ఆ, వెర్డెల్! లేచిందిలే, బాగానే ఉంది. షుగరు పడిపోయింది, అంతే. నీ పిప్పరమెంటు బిళ్ళే కాపాడింది దాన్ని. ఉంటా మరి."

"నా షుగరు బాగానే ఉంది," అంది ఒలీటా.

"గ్రేవీ చల్లారింది. వేడి చెయ్యి."

"రోజూ చల్లారబెట్టేది నువ్వే. నువ్వే చేసుకో."

హార్లన్ తలెత్తి చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఈ గొంతు ఆయన వినలేదు.

నిన్న సాయంత్రం గుడిలో ఉజ్జీవ కూటాల ఆఖరి రోజు, చల్లబడ్డ భక్తిని రగిలించే కూటాలవి. బయటి ఊరి బోధకుడు ఒకాయన వచ్చి, గొంతు బొంగురుపోయేదాకా అరిచి, చివర్న పాపులు ముందుకు రండని చేతులు చాచాడు. అప్పుడు ఆహ్వాన గీతం పాడాలి. ఎవరూ రాకపోతే "ఇంకొక్క చరణం" అంటాడు. అయినా రాకపోతే మళ్ళీ ఒక్క చరణం. ఎవరో ఒకరు కదిలేదాకా పియానో ఆగకూడదు, మెత్తగా, గుండె పిండేలా మోగుతూనే ఉండాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ పియానో ముందు కూర్చున్నది ఒలీటాయే. ఊళ్ళో సగంమంది ఆమె వాయిస్తుంటేనే ఏడుస్తూ ముందుకొచ్చి రక్షణ పొందారు. వాయించే మనిషి సంగతేమిటని అడిగినవాడు లేడు. ఆమె లేస్తే పాట ఆగిపోతుంది కదా!

నిన్న ఆగిపోయింది. చరణం మధ్యలో ఒలీటా చేతులు తీసేసి, పియానో మూత వేసి, నడిచొచ్చి బోధకుడి ముందు మోకాళ్ళూనింది.

ఆ సంఘం అప్పుడేం చేసిందో చెబితే సిగ్గుచేటు. నిత్యం పాపుల కోసం కన్నీళ్ళు కార్చేవాళ్ళ కళ్ళెదుట ఒక మనిషి మోకాళ్ళూనితే, వాళ్ళకి తట్టింది ఒక్కటే. సంఘం నడిపే డీకన్లకి పెద్దయిన హార్లన్ భార్య, పియానో ఒలీటా, ఆమెకి రక్షణ ఏమిటి, కళ్ళు తిరిగి ఉంటాయి! సంఘంలో పెద్దావిడ వెర్డెల్ పరుగున వచ్చి చేతిసంచిలోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి ఒలీటా నోట్లో కుక్కింది. పాపం ఒప్పుకోడానికి తెరిచిన నోరది. హార్లన్ "షుగరు పడిపోయింది, తప్పుకోండి తప్పుకోండి" అంటూ భార్యని రెక్క పట్టుకుని లేపి ట్రక్కు ఎక్కించాడు. ఆమె అన్న ఒక్కమాట విన్నది మా సంఘం పాస్టరు డస్టిన్ ఒక్కడే. అతనికి నిండా ముప్పయ్యేళ్ళు లేవు, గడ్డం కూడా సరిగ్గా రాలేదు. "ఇన్నేళ్ళూ నేనాయన్ని ఎరగలేదు," అందట ఒలీటా, బిళ్ళ బుగ్గన పెట్టుకునే.

"నేను పాస్టరుకి ఫోన్ చేశాను," అంది ఒలీటా ఇప్పుడు. "వచ్చే ఆదివారం అందరి ముందూ నిలబడతాను. బాప్తిస్మం కావాలని అడుగుతాను."

హార్లన్ కుర్చీ వెనక్కి నెట్టాడు. "నీకు మతిగానీ పోయిందా? నీకు తొమ్మిదో ఏటే బాప్తిస్మమైంది. నేను వాగు ఒడ్డున నిలబడి చూశాను!"

"నువ్వు చూసింది నన్ను నీళ్ళలో ముంచడం. అక్క వెళ్ళింది, నువ్వెందుకు వెళ్ళవని మా నాయనమ్మ తొడపాశం పెడితే లేచాను హార్లన్. వెళ్ళాను, మునిగాను, తడిసొచ్చాను. బాతు కూడా రోజూ మునుగుతుంది."

"మరి ఇన్నేళ్ళు వాయించినవి?"

"పెళ్ళిలో వాయించినంత మాత్రాన పెళ్ళికూతుర్నైపోతానా? ఆయన గురించి మాట్లాడాను. మన గవర్నరు గురించి మాట్లాడినట్టు. ఆయనతో ఒక్కమాట మాట్లాడలేదు."

అప్పుడే వెనక తలుపు తోసుకుని కూతురు షెరిలిన్ వచ్చింది, చేతిలో కోడిమాంసం, నూడుల్సు కలిపి కాల్చిన పళ్ళెం. మా ఊళ్ళో జబ్బుకీ చావుకీ అదే వంట. గుడిలో ఆదివారాలు చిన్నపిల్లల బడి నడిపేది ఆవిడే.

"అమ్మా, లేచావేంటి, పడుకోక!"

"మీ అమ్మకి రక్షణ లేదట," అన్నాడు హార్లన్, వేళాకోళంగా. "ఇన్నాళ్ళూ దేవుణ్ణి ఎరగని అన్యురాలి చేతివంట తిన్నాం మనం."

సంగతంతా విని షెరిలిన్ పళ్ళెం దించడం మరిచిపోయింది. "వయసులో ఇలాంటివి వస్తాయి నాన్నా. డాక్టరుకి చూపిద్దాం."

"చూపించు," అంది ఒలీటా. "రక్తం తీసి చూడమను, అందులో ఎంత భక్తి ఉందో."

"నవ్వులాటగా ఉందా నీకు? 'యేసూ, నన్ను రక్షించు' అనే ప్రార్థన నాకు నేర్పిందెవరు? స్నానాల తొట్టి గట్టు మీద కూర్చోబెట్టి ఒక్కోమాటా అనిపించింది నువ్వు కాదూ? నీదే ఉత్తుత్తిదైతే మరి నాదేంటమ్మా?"

ఒలీటా కూతురి చేతిలోని పళ్ళెం అందుకుని బల్ల మీద పెట్టింది. "నేను నీకు చెప్పిన దారి సరైనదే తల్లీ. ఆ ఇంటికి నేనే వెళ్ళలేదు. నువ్వు వెళ్ళావో లేదో నన్నడక్కు, నిన్ను అడుక్కో."

షెరిలిన్ మొహం ఎర్రబడింది. పళ్ళెం వదిలేసి తలుపు దడాలున వేసి వెళ్ళిపోయింది.

హార్లన్ మెల్లిగా నవ్వాడు. అది సంఘంలో అందరికీ తెలిసిన నవ్వు, ఎదుటివాణ్ణి చీమలా చూసే నవ్వు. "సరే, నిలబడు. పాస్టరు అడుగుతాడు, ఈమెని చేర్చుకుందామా అని. ఎవరో ఒకరు లేచి ప్రతిపాదించాలి. ఇన్నేళ్ళుగా లేచేదెవరు?"

"నువ్వు."

"నేను లేవను. నేను లేవకపోతే ఎవడు లేస్తాడో చూస్తాను."

మా సంఘాల్లో తీరు అది. దేవుడు ఒప్పుకుంటే చాలదు, హికరీ గ్యాప్ కూడా ఒప్పుకోవాలి. ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, మిగతావాళ్ళు ఆమెన్ అనాలి. అప్పటిదాకా గుడిలోని బాప్తిస్మపు తొట్టిలో నీళ్ళు పెట్టరు. ఆ నీళ్ళు పెట్టేది కూడా హార్లనే. దొంగ సారా కాచి జైలుకెళ్ళొచ్చినవాడి కోసం లేచి ప్రతిపాదించాడు, భార్యని కొట్టి తరిమేసినవాడి కోసం లేచాడు. "దేవుని కృప గొప్పది" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు కూడా. సొంత భార్య కోసం మాత్రం ఆ కృపకి మోకాళ్ళ నొప్పులొచ్చాయి! దొంగ మారితే డీకనుకి పేరు. భార్య మారితే, ఇన్నాళ్ళూ ఆ డీకను ఇంట్లో ఏం వెలగబెట్టాడని అడుగుతారు.

వారమంతా ఆ ఇంట్లో మాటల్లేవు. పళ్ళేలు వస్తూనే ఉన్నాయి. వెర్డెల్ రెండు తెచ్చింది. ఒలీటా గుమ్మంలో నిలబడి ప్రతివాళ్ళకీ "నాకు జబ్బు లేదు" అని చెప్పింది. "పాపం, తనకే తెలియడం లేదు" అనుకుంటూ వెళ్ళిపోయారు వాళ్ళు.

ఆదివారం ట్రక్కులో వాగు వంతెన దాటాక హార్లన్ గొంతు సవరించుకున్నాడు.

"ఎప్పుడు జరిగింది ఇదంతా?"

"కూటాలప్పుడే. గురువారం చిక్కుడుకాయలు వలుస్తున్నాను."

"చిక్కుడుకాయలు," అన్నాడు హార్లన్, ఆ మాట ఉమ్మేస్తున్నట్టు. "ఏమని ప్రార్థించావు? ఏ మాటలతో?"

"తిట్టాను. 'నీ పాటలు వాయించీ వాయించీ నా వేళ్ళు వంకరపోయాయి. నువ్వెవరో నాకు తెలీదు. ఉంటే ఉన్నానని చెప్పు, లేకపోతే నేను లేచి వెళ్ళిపోతాను, నాకు విసుగొచ్చింది' అన్నాను."

"దేవుడితోనా!"

"ఇంకెవరితో? వంటగదిలో ఇంకెవరున్నారు? ఆ తర్వాత... ఎలా చెప్పను నీకు. తిడితే పారిపోని మనిషి ఎదురుగా కూర్చున్నట్టనిపించింది హార్లన్. నేను చెప్పేది వినడానికి ఎన్నాళ్ళనుంచో కూర్చున్నట్టు. అప్పుడు ఏడ్చాను. ఆయన మన పాపాల కోసం చచ్చిపోయాడని వెయ్యిసార్లు వాయించాను. నా కోసం అని అప్పుడే తెలిసింది."

"చివర్న ఆమెన్ అన్నావా?"

"మరిచిపోయాను."

హార్లన్ ముక్కుతో ఒక శబ్దం చేసి గేరు మార్చాడు.

గుడిలో పియానో మూత వేసే ఉంది. పాటలు ఉత్త గొంతులతో పాడారు. ఆ సంఘం అంత అపస్వరంగా పాడుతుందని ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళూ పియానో కప్పిపెట్టింది. అందరికన్నా ముందు వరసలో హార్లన్ గొంతు తుప్పుపట్టిన గేటులా కీచుమంది. ఆయనకే వినిపించి, రెండో పాటకి పెదాలు మాత్రం కదిపాడు.

ప్రసంగమయ్యాక ఒలీటా ముందుకెళ్ళి జనం వైపు తిరిగి నిలబడింది. ఆమె మాట పాస్టరు డస్టినే క్లుప్తంగా చెప్పాడు, మధ్యలో రెండుసార్లు తడబడ్డాడు. "ఒలీటాగారు యేసు మీద విశ్వాసం ఒప్పుకుని బాప్తిస్మం అడుగుతున్నారు. ప్రతిపాదన ఎవరైనా...?"

అందరూ హార్లన్ వీపు వైపు చూశారు. హార్లన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. పాస్టరు మళ్ళీ అడిగాడు. ఎవరో దగ్గారు. ఒలీటా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గౌను అంచు పట్టుకుంది. వాయించడానికేమీ లేని ఆ చేతుల్ని జనం అంత ఎదురుగా ఎప్పుడూ చూడలేదు.

వెనకనుంచి వెర్డెల్ గుసగుస గుడంతా వినిపించింది. "అయ్యో, మళ్ళీ షుగరు పడిపోయింది పిల్లకి!" లేచి, వరసల మధ్య గునగునా నడిచొచ్చి, చేతిసంచి తెరిచి, గరగరలాడే కాగితం విప్పి, పిప్పరమెంటు బిళ్ళ ఒలీటా అరచేతిలో పెట్టింది.

ఒలీటా దాన్ని తినలేదు, పారెయ్యలేదు. అరచేయి చాపి అలాగే పట్టుకుని భర్త వైపు చూసింది. కోపంగా కాదు. ఈ అబద్ధం నీదే కదా, వెనక్కి తీసుకుంటావా అన్నట్టు.

హార్లన్ లేచాడు. అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు.

"మహోన్నతుడవును మహా ఘనుడవునైన..." అని ఆగిపోయాడు. ముందుకు పోలేదు. కళ్ళు తెరిచాడు. "వెర్డెల్, నువ్వెళ్ళి కూర్చో. దానికి షుగరు పడిపోలేదు. పోయినవారం కూడా పడిపోలేదు. నేను అబద్ధం చెప్పాను. అది దేవుడి దగ్గరికొస్తే నేను రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాను." గొంతు గేటులాగే కీచుమంది. "నా పరువు కోసం. ప్రతిపాదిస్తున్నాను. ఇంకెవడైనా బలపరచండి, నాకు కాళ్ళు వణుకుతున్నాయి."

తర్వాత పిల్లల బడి వరసలోంచి షెరిలిన్ లేచింది. కళ్ళూ ముక్కూ ఒకటైపోయాయి. "నేను బలపరుస్తున్నాను," అంది. "అమ్మా, తర్వాత నీతో మాట్లాడాలి."

ఆమెన్ అన్నారు. కొందరు మనస్ఫూర్తిగా, కొందరు తిండివేళయిందని.

తొట్టి ఎండిపోయి ఉంది. హార్లన్ నీళ్ళు పెట్టలేదు కదా. "వచ్చేవారానికి నింపుతాను," అన్నాడు ట్రక్కులో. "వేడినీళ్ళు పెడతాను. నీకు చలి పడదు."

"పెట్టు," అంది ఒలీటా.

ఇంట్లో ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. షెరిలిన్ తల్లి చెయ్యి వదల్లేదు. పంది మాంసం, ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, గ్రేవీ. హార్లన్ చేతులు కట్టుకుని తలొంచాడు. వాళ్ళు ఎదురుచూశారు. గోడ గడియారం కొట్టుకుంటోంది. హార్లన్ పెదాలు విడివడి మళ్ళీ మూసుకున్నాయి. ఒకసారి, ఇంకోసారి.

చివరికి తలెత్తి భార్యని చూశాడు. ఆ చూపులో డీకను లేడు.

"రావడం లేదు ఒలీటా. నాకు ఒక్కమాట రావడం లేదు."

"నాకు చెప్పకు," అంది ఆమె మెల్లిగా. "అదే ఆయనకి చెప్పు."

హార్లన్ మళ్ళీ తలొంచాడు. చాలాసేపటికి, ఎవరో కొత్తమనిషి ఇంటి తలుపు తడుతున్నవాడిలా అన్నాడు.

"నాకు... నీతో మాట్లాడటం రాదు."

ఆయన భుజాలు కదులుతున్నాయి. గ్రేవీ చల్లారిపోయింది. ఆ రోజు ఎవరూ దానివైపు చూడలేదు.