చప్పుడు రాని తలుపు

ఆ ఇంటి నడిమిగదికి మంచి పేరు లేదు. ఇంటాయన తల్లి గడియపడి అందులో ఇరుక్కుపోయిందట. పిలిచి పిలిచి అక్కడే ప్రాణం విడిచిందట. ముసలావిడ చాదస్తంలే అని కోడలు లేవనే లేదట. నిజమో అబద్ధమో... కింది వాటా వాళ్లు చెప్పిందే నేనూ చెబుతున్నాను.

అద్దెకొచ్చిన గొంతాయన ఇదంతా కొట్టిపారేసి, ఆ గదిలోనే మైకు పెట్టుకున్నాడు. మైకు ముందు కథలు చదవడం అతని బతుకుతెరువు, అందుకే ఆ పేరు. చిక్కల్లా పక్కగదిలో భార్య తొక్కే కుట్టుమిషనుతోనే. ఎంత మంచి కథ చదివినా మధ్యలో టకటక దూరేది.

విసిగి, ఒకరోజు తలుపు పని పట్టాడు. అంచులకి రబ్బరు పట్టీలు, లోపలివైపు దూది పరుపు. కిటికీకీ పరుపే. పిడి కన్నంలోంచి కూడా చప్పుడొస్తోందని లోపలి పిడి ఊడబీకి గుడ్డలు కుక్కాడు. బయట పిడి ఉందిగా, చాలనుకున్నాడు. తను కూర్చునేది లోపలన్న సంగతి మాత్రం తట్టలేదు మహానుభావుడికి.

"ఏం వినపడినా తలుపు తియ్యకు," అని భార్యకి మరీ మరీ చెప్పాడు. "ఇవాళ్టిది దెయ్యం కథ. అరుపులుంటాయి."

మీరు అరిస్తే దెయ్యమే పారిపోతుంది లెండి, అని నవ్విందావిడ.

తలుపు మూసుకుంది. టక్...

గంట చదివాడు. పట్టీలు అంటించిన జిగురు వాసనకి అతని పాత ఉబ్బసం ఎగదన్నింది. లేచి పిడి కోసం చెయ్యి చాపాడు— చెయ్యి పరుపు మీద జారింది. పీల్చే మందేమో బయట, భార్య కుట్టుమిషను బల్ల మీదుంది. ఫోనూ అక్కడే, మోగుతుందని తనే పెట్టొచ్చాడు.

బాదాడు. దూదిలో గుద్దినట్టే ఉంది.

"తలుపు తియ్యవే... ఊపిరాడట్లేదు..."

నేలలోంచి అరికాళ్లకి తెలుస్తున్న మిషను అదురు ఆగింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఒక్క క్షణమే— అదురు మళ్లీ మొదలైంది.

కథనుకుంది. అనుకోదూ మరి? ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడటమంటే ఇదే.

అరిచాడు, బతిమాలాడు. చివరికి గొంతుతో బతికినవాడికి గొంతే పెగల్లేదు. గోడకి జారగిలబడి, ఇక ఇంతే అనుకుని, మూగగా ఏడ్చాడు. చాలాసేపు అలాగే...

ఉన్నట్టుండి మిషను ఆగింది. తలుపు తెరుచుకుంది.

భార్య అతన్ని చూసి పరుగున మందు తెచ్చింది. నాలుగుసార్లు పీల్చాక గానీ అతనికి మాట రాలేదు.

"నేను అరవడం మానేసి చాలాసేపైంది కదా... ఎందుకు తీశావు?"

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీ గొంతు విన్నప్పుడు కథే అనుకున్నానండీ. ఆ తర్వాత..." భర్త భుజం మీదుగా ఖాళీగదిలోకి చూస్తూ గొంతు తగ్గించింది. "ఎవరో పెద్దావిడ. 'ఈసారైనా లేచి తియ్యవే, కోడలా' అంది."